పైన తీగ, క్రింద పట్టా



ఈ పేజీని ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకుంటున్నారని మీ ఉత్తరాల వలన తెలిసినప్పుడు ఎంతో సంతోషం కలుగుతుంది. ఈ మధ్య ఒక తల్లి ఈలాగు వ్రాసింది: "మా పిల్లలు టీవీలో పాత సినిమా చూస్తూ, నడివీధిలో రైలు పోతోందేమిటమ్మా, జనం దాని ప్రక్కనే నడుస్తున్నారేమిటి అని అడిగారు. అది ట్రాము అని మాత్రం చెప్పగలిగాను. అంతకు మించి నాకు తెలియదు." ఆ తల్లికీ, ఆ పిల్లలకూ ఈ నెల జవాబు చెప్పుకుందాం.

మన అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల వారికి రైలే చాలాకాలం దూరపు మాట. ఇక ట్రాము సంగతి చెప్పనక్కరలేదు. అయినా ఈ కథ మనకు పరాయిది కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కోర్టు పనికీ, ఆసుపత్రికీ, చదువుకూ, వ్యాపారానికీ మన తాతలు పోయింది మద్రాసు పట్నానికే. ఆ పట్నంలో వారు ఎక్కిన బండి ట్రాము. అది ఏలాగు నడిచింది, ఏలాగు ఆగిపోయింది అని తెలుసుకుంటే మన ఊరికి, మన ఇంటికి పనికివచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది.

గుర్రాలు లాగిన రోజులు

మట్టిరోడ్డు మీద నిండు బండిని లాగాలంటే ఎద్దు ఎంత కష్టపడుతుందో మనకు తెలుసు. చక్రం గుంటలో దిగుతుంది, ఇసుకలో కూరుకుంటుంది. అదే చక్రం ఇనుముదై, ఇనుప పట్టా మీద దొర్లితే ఒరిపిడి బహు తక్కువ. ఒక్క జత గుర్రాలు మామూలు రోడ్డు మీద లాగలేని బరువును పట్టాల మీద సునాయాసంగా లాగుతాయి. ట్రాముకు మూలం ఈ ఒక్క సంగతే. రైలు పట్టా నేలకు ఎత్తుగా ఉంటుంది, ట్రాము పట్టాను రోడ్డుతో సమానంగా పాతిపెడతారు. పట్టాలో పొడుగునా ఒక గాడి ఉంటుంది. చక్రపు అంచు ఆ గాడిలో దిగి నడుస్తుంది. దాని మీదుగా ఎడ్లబండి, సైకిలు, మనిషి, అందరూ దాటవచ్చు.

మన దేశంలో మొదటి ట్రాము 1873 ఫిబ్రవరి 24న కలకత్తాలో నడిచింది. సియాల్దా నుండి ఆర్మీనియన్ ఘాట్ వరకు గుర్రాలు దానిని లాగాయి. ఎక్కేవారు చాలక ఆ ఏడాది నవంబరులోనే దానిని ఆపివేశారు. 1880లో కొత్త కంపెనీ ఏర్పడి మరల పట్టాలు వేసింది. బొంబాయిలో 1874 మే నెలలో గుర్రపు ట్రాము వచ్చింది. కలకత్తా కంపెనీ దగ్గర ఒక దశలో వెయ్యి గుర్రాల వరకు ఉండేవట. ఆ గుర్రాలు మన ఎండలకు తాళలేక పడిపోయేవి. వాటికి మేత, నీళ్ళు, వైద్యం, లాయాలు అన్నీ కావాలి. 1882లో ఆవిరి యంత్రంతో లాగించి చూశారు. పొగ, చప్పుడు తప్ప సుఖం కలుగలేదు.

మద్రాసు ముందుగా నడిచింది

జర్మనీలో సీమెన్స్ అనే ఇంజనీరు 1881లో బెర్లిన్ దగ్గర విద్యుత్తుతో ట్రామును నడిపి చూపించాడు. 1888లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో స్ప్రేగ్ అనే ఆయన పట్నమంతటికీ సరిపోయే విద్యుత్ ట్రాములను నడిపాడు. ఆ తరువాత ఏడేళ్ళకే, అనగా 1895 మే 7న, మద్రాసు వీధిలో విద్యుత్ ట్రాము కదిలింది. భారతదేశంలో అదే మొదటిది. గుర్రం లేదు, పొగ లేదు, లాగేవాడు కనబడడు, బండి మాత్రం పోతున్నది! లండన్ వీధుల్లో విద్యుత్ ట్రాము రాకపోకలు 1901లో గాని మొదలు కాలేదు. కలకత్తాకు విద్యుత్ ట్రాము 1902లో, బొంబాయికి 1907లో, ఢిల్లీకి 1908లో వచ్చింది. వీటన్నిటికంటె మద్రాసు ముందున్నది.

అయితే మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. ఆరంభంలో మద్రాసు ట్రాముకు పైన తీగ లేదు. రెండు పట్టాల నడుమ నేలలో ఒక సన్నని కాలువ తవ్వి, అందులో విద్యుత్ కడ్డీ అమర్చారు. ట్రాము క్రింద నుండి ఒక చేయి ఆ చీలికలో దిగి కరెంటు అందుకునేది. చూడటానికి ముచ్చటైన ఏర్పాటే, వీధిలో స్తంభాలు, తీగలు ఉండవు. కాని మద్రాసులో వాన ఏలాగు కురుస్తుందో మనకు తెలియనిది కాదు. ఈశాన్య ఋతుపవనం వచ్చి వీధులు చెరువులైతే ఆ కాలువలు నీటితో, బురదతో నిండిపోయాయి. అందుచేత ఆ పద్ధతి మాని స్తంభాలు పాతి పైన తీగ లాగారు. పరదేశంలో పనికివచ్చిన ఏర్పాటు మన వానకు నిలువలేదు. మన నేలకు తగిన మార్పు చేసుకున్న తరువాతనే అది నిలిచింది.

మౌంటు రోడ్డు, పారీస్ కార్నర్, పూనమల్లి రోడ్డు, రిప్పన్ భవనం, ఇవన్నీ ట్రాము దారులే. 1921 నాటికి 24 కిలోమీటర్ల పట్టాల మీద 97 బండ్లు నడిచేవి. రోజుకు వేలాదిమంది ఎక్కేవారు. హార్బరులో బరువులు మోసే కూలీ, కోర్టుకు పోయే ప్లీడరు, ఆసుపత్రికి పోయే రోగి, పుస్తకం అచ్చు వేయించుకోవటానికి వచ్చిన మన తెలుగు పండితుడు, అందరికీ అదే బండి. ఆ రోజుల్లో వావిళ్ళవారి ముద్రణాలయము, ఆంధ్రపత్రిక కార్యాలయము మద్రాసులోనే ఉండేవి గదా!

మన ప్రాంతంలో ఎనభై యైదేళ్ళు దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. పన్నెండేళ్ళ వయసులో, తండ్రి కంటి వైద్యం కొరకు ఆయనతో కూడా మద్రాసు వెళ్ళాడు. ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, రైలెక్కి సెంట్రల్ స్టేషనులో దిగారు. బయటికి రాగానే ట్రాము. "అంత పెద్ద బండి గంట కొట్టుకుంటూ మా ముందుకు వచ్చి ఆగితే, కరెంటు బండి గదా, పట్టా త్రొక్కితే చచ్చిపోతామేమోనని నేను కదలలేదు. మా నాయన నా చెయ్యి పట్టుకుని వట్టికాళ్ళతోనే పట్టా మీద అడుగు వేసి, ఏం కాలేదు చూడు అబ్బయ్యా అన్నాడు" అని ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. ఆ పిల్లవాడికి కలిగిన సందేహం చాలా మంచి సందేహం. దానికి జవాబు తెలిస్తే ట్రాము నడిచే విధమంతా తెలిసినట్లే.

ట్రాము ఏలాగు నడుస్తుంది?

కరెంటు ఒక త్రోవన వచ్చి మరొక త్రోవన తిరిగి పోవాలి. తిరిగిపోయే త్రోవ లేకపోతే దీపం వెలగదు, మోటారు తిరగదు. మన ఇంట్లో ప్రతి దీపానికి రెండు తీగలు ఉండేది అందుకే. ట్రాముకు పైన కనిపించేది మాత్రం ఒక్క తీగే. రెండవ తీగ ఎక్కడున్నది? క్రింద ఉన్న పట్టాయే ఆ రెండవ తీగ!

సబ్‌స్టేషను నుండి కరెంటు పై తీగలోనికి వస్తుంది. ట్రాము కప్పు మీద ఒక పొడుగాటి కడ్డీ ఉంటుంది. స్ప్రింగు బలంతో అది పైకి లేచి తీగను ఒత్తుకుని ఉంటుంది. కడ్డీ గుండా కరెంటు డ్రైవరు ముందున్న కంట్రోలరు పెట్టెకు దిగుతుంది. అక్కడి నుండి చక్రాల దగ్గర ఉన్న మోటార్లలోనికి పోయి, వాటిని త్రిప్పి, చక్రాల గుండా పట్టాలోనికి దిగి, పట్టా వెంబడే సబ్‌స్టేషనుకు తిరిగిపోతుంది. మన ఇళ్ళలో ఉండేది ఏ.సి. కరెంటు. ట్రాముది డి.సి. కరెంటు. కలకత్తా తీగలో అది సుమారు 550 వోల్టులు. ఆ బలమంతా పై తీగలో ఉంటుంది, మనిషి చేతికి అందని ఎత్తులో. పట్టా నేలను అంటుకుని ఉంటుంది గనుక, పట్టాకు నేలకు మధ్య బలం బహు స్వల్పం. పెద్దాయన తండ్రి వట్టికాళ్ళతో పట్టా త్రొక్కినా ఏమీ కాకపోవటానికి కారణం ఇదే.

అయితే ఇది దానంతటదే జరిగేది కాదు. పట్టా ముక్కలు ఒకదానికొకటి కలిసే చోట కరెంటు సులువుగా దాటటానికి రాగితీగతో అతుకు వేస్తారు. రోడ్డు క్రింద ఉండే ఆ అతుకు ఎవరికీ కనబడదు. అది తెగితే బండి వెంటనే ఆగిపోదు. కరెంటు తన త్రోవ తప్పి, భూమిలో దగ్గరగా ఉన్న నీటి గొట్టాలను పట్టుకుని పోతుంది. కొన్నాళ్ళకు ఆ గొట్టాలు తినివేయబడి చిల్లులు పడతాయి. ట్రాము బాగానే నడుస్తున్నట్లు కనబడుతుంది, నష్టం మరొక వీధిలో, మరొకరి ఇంటి కొళాయిలో తేలుతుంది! అందుచేతనే ఆ అతుకులను వెదకి పరీక్షించే పనివారు ప్రత్యేకంగా ఉండేవారు.

ఇక డ్రైవరు పని చూద్దాం. ట్రాముకు స్టీరింగు లేదు. పట్టా ఎటు పోతే బండి అటు పోతుంది. డ్రైవరు ఎడమచేత కంట్రోలరు పిడి, కుడిచేత బ్రేకు పట్టుకుంటాడు. పాదంతో నొక్కితే క్రింద గంట మ్రోగుతుంది. పిడిని ఒక్కసారిగా త్రిప్పకూడదు, మెట్టుమెట్టుగా త్రిప్పాలి. మొదటి మెట్లలో రెండు మోటార్లకు కరెంటు ఒకదాని తరువాత ఒకదానికి పోతుంది. ఒక మడి నిండి, ఆ మడి నుండే రెండవ మడికి నీళ్ళు పారినట్లన్న మాట. అప్పుడు బండి మెల్లగా, కుదుపు లేకుండా కదులుతుంది. వేగం అందుకున్న తరువాత పై మెట్లలో రెండు మోటార్లకు వేరువేరుగా కరెంటు అందుతుంది. ఒకే కాలువ నుండి రెండు మడులకు రెండు గండ్లు కొట్టినట్లు. అప్పుడు పూర్తి బలం వస్తుంది. పిడిని తొందరపడి త్రిప్పేవాని చేతిలో బండి ఎగిరిపడుతుంది, మోటారు వేడెక్కుతుంది.

ఇనుము మీద ఇనుము సులువుగా దొర్లుతుందని చెప్పుకున్నాం. ఆ సులువులోనే ప్రమాదం కూడా ఉన్నది. దొర్లటం ఎంత సులువో ఆగటం అంత కష్టం. వాన చినుకులు పడి పట్టా తడిస్తే చక్రం జారుతుంది. అందుకని ట్రాములో ఇసుక పెట్టె ఉంచుతారు. డ్రైవరు మీట నొక్కితే చక్రం ముందు పట్టా మీద ఇసుక రాలి, చక్రానికి పట్టు దొరుకుతుంది. మన వాగుల్లో దొరికే ఇసుకే అంత పెద్ద బండిని ఆపుతుంది! ఎదుట మనిషి వచ్చినా ట్రాము ప్రక్కకు తప్పుకోలేదు గనుక డ్రైవరు చూపు ఎల్లప్పుడూ దూరం మీద ఉండాలి. బెంగాలీ కవి జీవనానంద దాస్ 1954 అక్టోబరులో కలకత్తాలో ట్రాము తగిలి, కొద్ది దినాలకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. మెల్లగా పోయే బండే కదా అని అశ్రద్ధ చేయరాదు.

రెండు దారులు చీలే చోట పట్టా నాలుకలు ఉంటాయి. పనివాడు ఇనుప కడ్డీతో ఆ నాలుకను ఇటో అటో జరుపుతాడు. ఎండైనా వానైనా కూడలిలో నిలబడి, వచ్చే ట్రాము ఎటు పోవాలో చూసి నాలుక జరపటమే అతని పని. అతడు ఒక్కసారి ఏమరితే శ్యాంబజారు పోవలసినవారు మరెక్కడికో పోతారు. పాత బండ్లకు దారి చివర మరొక పని ఉండేది. కప్పు మీది కడ్డీ ఎప్పుడూ వెనుకకు వాలి ఉండాలి గనుక, దానికి కట్టిన త్రాడు పట్టుకుని లాగి, అటు నుండి ఇటు త్రిప్పి, మరల తీగకు తగిలించేవారు. ఆ తరువాత డ్రైవరు రెండవ కొనకు పోయి నిలబడేవాడు. అప్పటివరకు వెనుక ఉన్నదే ముందు అయ్యేది.

ఇవన్నీ పగటి పనులు. రాత్రి బండ్లన్నీ డిపో చేరిన తరువాత మరొక సైన్యం లేస్తుంది. నేలలో తవ్విన గోతిలోనికి దిగి, బండి క్రిందికి చేరి, మోటార్లు, బ్రేకులు చూసేవారు కొందరు. పట్టా గాడిలో ఇరుక్కున్న మట్టిని, రాళ్ళను గీకి తీసేవారు కొందరు. ఎత్తైన బల్ల ఉన్న బండి ఎక్కి తీగ అరుగుదల పరీక్షించేవారు కొందరు. తెల్లవారి ట్రాము ఎక్కిన ప్రయాణికుడు డ్రైవరును చూస్తాడు, కండక్టరును చూస్తాడు. రాత్రి గోతిలో దిగినవానిని చూడడు. ట్రాము నిజంగా నడిచేది ఆ కనబడనివాని చేతి మీదనే.

1953 ఏప్రిల్ 12

మద్రాసు ట్రాముకు కష్టకాలం మెల్లమెల్లగా వచ్చింది. పట్నం పెరిగింది. మోటారు బస్సులు వచ్చాయి. బస్సుకు పట్టా అక్కరలేదు, తీగ అక్కరలేదు, ఏ వీధికైనా పోగలదు. 1947 నుండి మద్రాసులో ప్రభుత్వమే బస్సులు నడపసాగింది. బస్సు నడిచే రోడ్డును ప్రభుత్వం వేస్తుంది. పట్టాను మాత్రం కంపెనీ తన ఖర్చుతో వేసి, తన ఖర్చుతో బాగుచేసుకోవాలి. ఆదాయం తగ్గినకొద్దీ మరమ్మతు తగ్గుతుంది. మరమ్మతు తగ్గినకొద్దీ బండి కుదుపు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, ఎక్కేవారు తగ్గుతారు. ఎక్కేవారు తగ్గితే ఆదాయం మరల తగ్గుతుంది. ఇది సుడిగుండం వంటిది. 1950 ప్రాంతానికి కంపెనీ దివాలా స్థితికి వచ్చింది. 1953 ఏప్రిల్ 12న మద్రాసులో ట్రాము ఆగిపోయింది. దేశంలో అందరికంటె ముందు మొదలుపెట్టిన పట్నం 58 ఏళ్ళకు దానిని మానుకున్నది.

ఆ సంవత్సరం మనకు మరొక విధంగా జ్ఞాపకం. ఆంధ్ర రాష్ట్రం కొరకు మద్రాసులో నిరాహారదీక్ష చేసి పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన నెల్లూరు జిల్లా ఇటు వచ్చింది, మద్రాసు పట్నం అటు ఉండిపోయింది. ఆ ఏడాది వేసవిలో మద్రాసు వెళ్ళిన మన జిల్లావాసికి సెంట్రల్ ముందు ట్రాము గంట వినబడలేదు. మరుసటి వేసవికి ఆ పట్నమే వేరే రాష్ట్రమైంది.

మద్రాసు ఒక్కటే కాదు. కాన్పూరులో 1933లోనే ట్రాము పోయింది. లండన్ 1952లో పాత ట్రామును సాగనంపింది. ఢిల్లీలో 1963లో, బొంబాయిలో 1964 మార్చి 31న ఆఖరి ట్రాము నడిచింది. ట్రాము పాతది, బస్సు కొత్తది అన్న ఆలోచన ఆనాడు లోకమంతటా ఉండేది.

కలకత్తా మాత్రం విడువలేదు

ఒక్క కలకత్తా పట్టుకుని ఉన్నది. అక్కడివారికి ట్రాము అంటే బీదవాని బండి. 1953 జూలైలో కంపెనీ రెండవ తరగతి చార్జీ ఒక్క పైసా పెంచితే పట్నమంతా లేచింది. దినాల తరబడి ఆందోళన జరిగింది. చివరకు ఆ పెంపు నిలిచిపోయింది. ఒక్క పైసాకేనా అంత గొడవ అని మనం అనుకోవచ్చు. రోజూ పనికి పోయి రావలసిన కూలీకి, ఇంట్లో నలుగురు పిల్లలున్న గుమాస్తాకు, నెల తిరిగేసరికి ఆ పైసాలు ఒక పూట కూడు అవుతాయి. మద్రాసులో ట్రాము పోయిన మూడు నెలలకే కలకత్తాలో ఇది జరిగింది. 1967లో బెంగాల్ ప్రభుత్వం కంపెనీ నిర్వహణను చేతిలోనికి తీసుకున్నది, 1976లో పూర్తిగా సొంతం చేసుకున్నది.

కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సు కొరకు కలకత్తా వెళ్ళినప్పుడు, ఎస్ప్లనేడులో ట్రామెక్కి శ్యాంబజారు వరకు పోయే భాగ్యం నాకు కలిగింది. కాలేజీ వీధిలో పుస్తకాల అంగళ్ళ నడుమ నుండి, అలెగ్జాండరు డఫ్ దొర 1830లో స్థాపించిన కళాశాల ఉన్న పేట మీదుగా ఆ బండి మెల్లగా పోయింది. కిటికీ ప్రక్క చెక్కబల్ల మీద ఒక ముసలమ్మ కూరగాయల సంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్నది. బస్సు మెట్లు ఎక్కలేను, ఇది నాకోసం ఆగుతుంది అని ఆమె నాతో వచ్చీరాని హిందీలో చెప్పింది. కూడలిలో ఒకడు కడ్డీతో పట్టా నాలుక జరిపి, డ్రైవరుకు చెయ్యి ఊపాడు. నూరేళ్ళకు పైబడిన పని ఇంకా అదే చేతితో జరుగుతున్నది.

అయితే అక్కడ కూడా పట్టాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. 1943లో హౌరా వంతెన తెరిచినప్పుడు దాని మీద ట్రాము నడిచింది. 1993లో వంతెన మీది పట్టాలు తీసివేశారు. ఒకప్పుడు పలు వీధుల్లో ట్రాముకు వేరే దారి, చుట్టూ గడ్డి ఉండేవి. ఆ దారులను చాలావరకు రోడ్డులో కలిపివేశారు. కార్ల నడుమ ట్రాము ఇరుక్కుంది, దిగేవారు నడిరోడ్డున వాహనాల మధ్య దిగవలసి వచ్చింది. 2023లో కలకత్తా ట్రాముకు 150 ఏళ్ళు నిండినాయని పండుగ చేశారు. 2024 సెప్టెంబరులో, మైదానం నుండి ఎస్ప్లనేడు వరకు ఒక చిన్న దారిని మాత్రం జ్ఞాపకార్థం ఉంచి తక్కినవి ఆపివేయాలని ప్రభుత్వం ప్రకటించింది. ట్రామును ప్రేమించే పౌరులు దానికి అభ్యంతరం చెప్పారు. ట్రాము విషయం హైకోర్టు దాకా వెళ్ళింది.

ఇక్కడ న్యాయంగా రెండు వైపులా చూడాలి. ఇరుకు వీధుల్లో ట్రాము వలన వాహనాలు ఆగిపోతున్నాయన్న మాట అబద్ధం కాదు. పట్టాలకు, బండ్లకు ఖర్చు ఎక్కువన్నదీ నిజమే. అయితే ఒక్క ట్రాములో పోయేవారిని విడివిడిగా కార్లలో కూర్చోబెడితే వీధి ఎంత నిండుతుంది? ట్రాము వీధిలో పొగ విడువదు. బాగా చూసుకుంటే ఒక్కొక్క బండి దశాబ్దాల తరబడి నడుస్తుంది.

తీసినవారే మరల వేసుకున్నారు

ఈ సంగతి ఇతర దేశాలు ఆలస్యంగా గ్రహించాయి. ఫ్రాన్సు దేశంలో దాదాపు అన్ని పట్టణాలు ట్రామును తీసివేశాయి. నాంత్ నగరం 1985లో, గ్రెనోబుల్ 1987లో, స్ట్రాస్‌బర్గ్ 1994లో కొత్త పట్టాలు వేసుకుని ట్రామును మరల తెచ్చుకున్నాయి. లండన్ దక్షిణాన క్రాయిడన్‌లో 2000లో ట్రాము తిరిగి వచ్చింది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరం మాత్రం మొదటి నుండి తన ట్రామును విడువలేదు. పట్టాలు ఎప్పటికప్పుడు మార్చుకుంటూ, బండ్లు కొత్తవి చేసుకుంటూ వచ్చింది. నేడు సుమారు 250 కిలోమీటర్లతో ప్రపంచంలోనే అతి పెద్ద ట్రాము వ్యవస్థ దానిదే.

మన చెన్నై సంగతి చూడండి. 1953లో ట్రాము పోయిన పట్నంలో 2015 జూన్ 29న మెట్రో రైలు మొదలైంది. పట్టాల మీద కరెంటు బండి మరల వచ్చింది, ఈసారి భూమి క్రిందను, స్తంభాల మీదను, ఎంతో గొప్ప ఖర్చుతో. వీధిలో నడచిన చిన్న ట్రాము, నేటి మెట్రో చేసే పనంతా చేయగలిగేదని నేను అనను. కాని ఉన్నదానిని కాపాడుకోవటం కంటె పోయినదానిని తిరిగి తెచ్చుకోవటం ఎంత భారమో దీనివలన తెలుస్తున్నది.

మన ఊరి మాట

ప్రియమైన వారలారా, మన ఊరిలో ట్రాము లేదు. కాని అందరూ కలిసి వాడుకునే వస్తువులు మనకూ ఉన్నాయి. అనంతసాగరమంటేనే చెరువు గదా! ఆ చెరువుకు కట్ట ఉన్నది, తూము ఉన్నది, కలుజు ఉన్నది, పొలాలకు పారే కాలువలు ఉన్నాయి. మన పెద్దల కాలంలో వేసవి వచ్చిందంటే ఊరివారు కలిసి కాలువ పూడిక తీసేవారు, కట్టకు మన్ను వేసేవారు. ఇంటికొక మనిషి రావాలి, రానివాడు బదులు ఇవ్వాలి. దానిని కుడిమరామత్తు అనేవారు. నీళ్ళు పారే దినాన కాలువను అందరూ చూస్తారు. పూడిక తీసే దినాన వచ్చినవారిని ఎవరూ జ్ఞాపకముంచుకోరు. ట్రాము గాడిలో మట్టి గీకినవాడు, మన కాలువలో పార పట్టినవాడు, ఇద్దరిదీ ఒకటే పని.

మద్రాసు ట్రాము ఒక్క దినాన చచ్చిపోలేదు. బాగుచేయని పట్టా దగ్గర కొంచెం, మార్చని తీగ దగ్గర కొంచెం, ఏళ్ళ తరబడి చచ్చింది. ఏప్రిల్ 12న జరిగింది దాని సమాధి మాత్రమే. మన ఊరికి రోజుకు రెండుసార్లు వచ్చే బస్సు సంగతి కూడా ఈలాగే. దానిలో ఎక్కేది ఎవరు? మోటారు సైకిలు లేని ముసలివారు, ఆసుపత్రికి పోయే తల్లులు, ఆత్మకూరులో చదువుకునే ఆడపిల్లలు. స్తోమత ఉన్నవారమంతా సొంత బండ్లు ఎక్కి బస్సును విడిచిపెడితే, ఒక దినాన ఎక్కేవారు లేరని అది కూడా ఆగిపోతుంది. అప్పుడు నష్టపోయేది మనం కాదు, వారు. రాగి అతుకు తెగితే మరొకరి ఇంటి గొట్టానికి చిల్లు పడ్డట్లు, మన అశ్రద్ధ ఫలితం పేదవాని ఇంట తేలుతుంది.

గనుక ఈ నెల ఇంట్లో రెండు పనులు చేయండి. మీ ఇంట్లో గాని, వీధిలో గాని ఎనభై దాటిన పెద్దలుంటే, మద్రాసు ట్రాము చూశారేమో పిల్లల చేత అడిగించండి. ఆ బండి ఎక్కినవారు ఇక కొద్దిమందే మిగిలారు, వారు చెప్పేది పిల్లలు నోటు పుస్తకంలో వ్రాసి ఉంచితే మంచిది. రెండవది, మీ వీధిలో అందరూ వాడుకునే ఒక వస్తువును, అది చేతిపంపు కావచ్చు, బడి ప్రహరీ కావచ్చు, బస్సు ఆగే చోట నీడ కావచ్చు, ఎంచుకుని, దానికి ఏమి మరమ్మతు కావాలో ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. చేయగలిగినది చేయండి. చేయలేనిది చేయగలవారికి చెప్పండి, వారు చేసేవరకు మరల మరల అడగండి.

మీ ఉత్తరాల కొరకు ఎదురుచూస్తాను. వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాం.